పెనం మీద కాల్చిన పండుగప్ప: ఒంటికి ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు

అరవై రెండేళ్ళ మీ నాన్నగారికి షుగరు ఉందని, వేపుళ్ళు మాని పెనం మీద కొద్ది నూనెతో కాల్చిన తెల్ల చేప తినమని డాక్టరు గారు చెప్పారని, అందుకోసం పండుగప్ప తెస్తున్నారని రాశారు. ఇంట్లో ఎప్పుడూ చేసే చేపల వేపుడు కంటే ఇది పోషకాల లెక్కలో నిజంగా అంత మేలా అన్నది మీ మొదటి సందేహం. ముక్క ప్రతిసారీ పెనానికి అంటుకుని చెదిరిపోతోందని, అంటుకోకుండా ఉండాలని నూనె పెంచుతూ పోవలసి వస్తోందని రెండవది. పోషకాహార సలహాలు ఇవ్వడం నా వృత్తి, ఇంట్లో చేప వండేదీ నేనే. ఆ అనుభవంతో చెప్పగలిగింది ఏమిటంటే, మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. చేప తనంతట తాను ఇచ్చేది దాదాపు స్థిరంగా ఉంటుంది. కంచంలోకి వచ్చేసరికి లెక్క మారేది మనం పెనం మీద దానికి కలిపే నూనె వల్ల, ఆ నూనె ఎంత కావాలన్నది ముక్క ఎంత పొడిగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది.

ముందు చేప సంగతి చూద్దాం. తెల్ల చేప అన్నప్పుడు కండ తెల్లగా ఉండి, ఆ కండలో కొవ్వు తక్కువగా ఉండే రకాలని అర్థం. ఐరోపా, అమెరికాల్లో కాడ్, హాడక్ ఈ కోవలోవి. మన దగ్గర పండుగప్ప, కొరమీను, తిలాపియా, దుకాణాల్లో బాసా పేరుతో గడ్డకట్టించి అమ్మే పంగాసియస్ ఇందులోకి వస్తాయి. రోజంతా ఆగకుండా ఈదే కానగంతలు, కవళ్ళు వంటి చేపలకు ముదురు రంగు కండ ఎక్కువ, ఇంధనంగా వాడుకునే కొవ్వు కూడా ఆ కండలోనే ఉంటుంది. కాడ్ వంటి చేప అలా కాదు. అవసరమైనప్పుడు ఒక్క ఉదుటున కదిలి, మిగిలిన వేళల్లో నిదానంగా ఉండే ఆ చేప తన కొవ్వును కాలేయంలో దాచుకుంటుంది. కాడ్ లివర్ ఆయిల్ అన్న మందు అందుకే కాలేయం నుంచి తీస్తారు తప్ప కండ నుంచి కాదు. తెల్ల చేప కండలో ఏమి దొరుకుతుంది, ఏమి దొరకదు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇందులోనే ఉంది.

పచ్చి కాడ్ 100 గ్రాములలో సుమారు 82 కేలరీలు, 18 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు. తిలాపియాలో సుమారు 96 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు, 2 గ్రాముల లోపు కొవ్వు ఉంటాయి. పండుగప్ప కూడా మాంసకృత్తులలో వీటితో సమానంగానే ఉంటుంది కానీ, కొవ్వు మాత్రం అది పెరిగిన చోటును, తిన్న మేతను బట్టి మారుతుంది. కృష్ణా జిల్లా నాగాయలంక వైపు చెరువుల్లో మేత వేసి పెంచిన చేపలో, సముద్రపు కయ్యల్లో పట్టిన చేపకంటే కొవ్వు కాస్త ఎక్కువ ఉండడం సహజం. అందుకని మీ లెక్కకు ఒక హద్దు ఇస్తాను: చర్మంతో ఉన్న 150 గ్రాముల పచ్చి ముక్కలో 28 నుంచి 30 గ్రాముల మాంసకృత్తులు, 3 నుంచి 7 గ్రాముల కొవ్వు, మొత్తం మీద 150 నుంచి 180 కేలరీలు ఉంటాయని అనుకోండి. పిండిపదార్థం దాదాపు సున్నా. కొలెస్టరాల్ ఇటువంటి చేపల్లో 100 గ్రాములకు 40 నుంచి 50 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది కాబట్టి దాని గురించి భయపడనక్కర లేదు.

అంకెలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కాల్చినప్పుడు చేపలోని నీరు ఆవిరై బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు వరకు తగ్గుతుంది. మీరు తూచిన 150 గ్రాముల ముక్క కంచంలో 112 నుంచి 120 గ్రాములే ఉంటుంది, మాంసకృత్తులు మాత్రం ఎక్కడికీ పోవు. కొన్ని పట్టికల్లో వండిన కాడ్‌కు 100 గ్రాములకు దాదాపు 23 గ్రాముల మాంసకృత్తులు అని చూసి, వండితే పెరిగాయని అనుకునేవారున్నారు. పెరగలేదు, నీరు పోయి చిక్కబడ్డాయి. అందుచేత ఎప్పుడూ పచ్చి ముక్కనే తూచి, పచ్చి చేప అంకెలతోనే లెక్క వేసుకోండి.

ఆ మాంసకృత్తుల విలువ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెల్ల చేపను తినడానికి అసలు కారణం అదే. మన భోజనంలో ఎక్కువ వాటా అన్నానిది. బియ్యంలోని మాంసకృత్తులలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ; చేపలో అది సమృద్ధిగా ఉంటుంది కాబట్టి అన్నంతో కలిపి తిన్నప్పుడు ఆ లోటు పూర్తిగా తీరుతుంది. పప్పు కూడా ఆ పని చేస్తుంది గానీ, ఒక్క పూటలో 30 గ్రాముల మాంసకృత్తులు పప్పు ద్వారానే రావాలంటే దానితోపాటు వచ్చే పిండిపదార్థం షుగరు ఉన్నవారికి ఇబ్బంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం ఆరోగ్యవంతుడైన పెద్దవారికి రోజుకు, కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. డెబ్భై కిలోల మనిషికి ఇది 58 గ్రాములు. అంటే ఈ ఒక్క ముక్క సగం రోజు అవసరాన్ని తీరుస్తుంది. అరవై దాటినవారిలో కండ కరిగిపోకుండా ఉండాలంటే కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల వరకు ఉండాలని వృద్ధుల పోషణను అధ్యయనం చేసే నిపుణులు చాలామంది చెబుతున్నారు. షుగరు ఉన్నవారిలో కండ తగ్గడం మరింత తొందరగా జరగవచ్చు. చేప కండలో కోడి, మేక మాంసాలలో ఉన్నంత గట్టి కణజాలం ఉండదు, కండను కట్టి ఉంచే కొద్దిపాటి కొల్లాజెన్ కూడా తక్కువ వేడికే కరుగుతుంది. పళ్ళ సెట్టు పెట్టుకున్నవారు సైతం నమిలి తినగలరు. మా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళలో మాంసం మానేసింది అరగక కాదు, నమలలేకనే అని చెప్పేవారు ఎక్కువ. వారికి ముల్లు తీసిన తెల్ల చేపను మించిన ఆహారం నాకు తోచదు.

మాంసకృత్తుల తరువాత చెప్పుకోదగ్గవి బి12 విటమిను, సెలీనియం అనే ఖనిజం. కాడ్‌లో 100 గ్రాములకు ఒక మైక్రోగ్రాముకు దగ్గరగా, తిలాపియాలో ఒకటిన్నర మైక్రోగ్రాముల దాకా బి12 ఉంటుంది. పెద్దవారికి రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన. మీ నాన్నగారు షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్లయితే ఈ విషయం ఇంకా ముఖ్యం, ఏళ్ళ తరబడి ఆ మందు వాడినవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది. చేప తింటున్నాం కదా అని ఊరుకోకుండా ఒకసారి రక్తపరీక్షలో చూపించుకోవడం మంచిది.

ఇక ఏమి ఇవ్వదో కూడా చెప్పాలి, ఇక్కడే చాలామంది పొరబడతారు. చేప అనగానే ఒమేగా-3 అనే కొవ్వు ఉంటుందని, గుండెకు మంచిదని అనుకుంటాం. కాడ్‌లో 100 గ్రాములకు 0.2 గ్రాముల దగ్గర, తిలాపియాలో అంతకంటే తక్కువ ఒమేగా-3 ఉంటుంది. పండుగప్ప జాతి చేపల్లో దాదాపు అర గ్రాము దాకా ఉండవచ్చు, అదీ మేతను బట్టి. కవళ్ళు, కానగంతల్లో చాలాసార్లు గ్రాము దాటుతుంది, వానలు వెలసిన తరువాత కవళ్ళకు కొవ్వు బాగా పట్టినప్పుడు ఇంకా ఎక్కువ. అమెరికా హృద్రోగ సంఘం వారానికి రెండుసార్లు చేప తినమంటూ, అందులో కొవ్వు చేపలకు ప్రాధాన్యం ఇవ్వమని చెప్పింది ఇందుకే. డి విటమిను విషయం కూడా అంతే, అది కొవ్వుతో పాటు ఉంటుంది కాబట్టి తెల్ల కండలో స్వల్పం. ఇనుము 100 గ్రాములకు అర మిల్లీగ్రాము అటూ ఇటూ, కాల్షియం ముల్లు తీసేస్తే చెప్పుకోదగ్గంత ఉండదు. ముల్లుతో సహా తినే నెత్తళ్ళు కాల్షియం విషయంలో ఏ ఖరీదైన బోన్‌లెస్ ముక్క కంటే అయినా మెరుగు. వారానికి రెండుసార్లు పండుగప్ప పెడుతున్నారనుకుంటే, ఒకసారి మాత్రం కవళ్ళో కానగంతలో పులుసు పెట్టమని నా సలహా. ధర కూడా తక్కువే.

ఇప్పుడు పెనం దగ్గరికి వద్దాం. ఏ నూనె అయినా సరే, వేరుశనగైనా, నువ్వులైనా, ఆలివ్ అయినా, గ్రాముకు 9 కేలరీలే. నూనె మారిస్తే కేలరీలు తగ్గవు. ఒక టీస్పూనుకు సుమారు 40, ఒక టేబుల్ స్పూనుకు 120 కేలరీలు. రెండు టీస్పూన్ల నూనెతో కాల్చి, అందులో కొంత పెనం మీదే మిగిలితే, 150 గ్రాముల చేప కంచంలో 200 నుంచి 250 కేలరీల మధ్య ఉంటుంది. అదే చేపకు రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోరు పట్టించి మూకుడులో వేయిస్తే పిండి ఒక్కటే 60 కేలరీలు చేరుస్తుంది, ఆ పిండి పొర రెండు టేబుల్ స్పూన్ల నూనె పీల్చిందంటే మరో 240. అప్పుడు చేప కంటే దాని మీది పూత బరువైన భోజనం అవుతుంది. మీ ఇంటి వేపుడు ఎంత పీలుస్తుందో ఊహించనక్కర లేదు: వేయించడానికి ముందు నూనెను తూచండి, చల్లారాక మిగిలిన నూనెను వడకట్టి తూచండి, తేడాను ముక్కలతో భాగించండి. ఈ పని ఒక్కసారి చేసినవారికి డాక్టరు మళ్ళీ చెప్పవలసిన అవసరం రాదు.

కేలరీలే కాక ఇంకో సంగతి ఉంది. మూకుడులో మునిగి వేగేటప్పుడు చేపలోని కొవ్వు కొంత నూనెలోకి పోతుంది, నూనె చేపలోకి వస్తుంది. అసలే తక్కువగా ఉన్న ఒమేగా-3 పలచబడి, దాని స్థానంలో పొద్దుతిరుగుడు నూనె వంటి వాటిలో ఎక్కువగా ఉండే ఒమేగా-6 అనే మరో రకం కొవ్వు చేరుతుంది. పెనం మీద ఆరేడు నిమిషాలు కాల్చినప్పుడు ఈ మార్పిడి చాలా తక్కువ. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: అవును, మేలే, కానీ నూనె రెండు టీస్పూన్ల దగ్గర ఆగితేనే. అంటుకుంటోందని నాలుగు టేబుల్ స్పూన్లు పోస్తే అది పెనం మీద చేసిన వేపుడే.

అంటుకోవడం ఎందుకు జరుగుతుందంటే, పచ్చి చేపలోని మాంసకృత్తులు వేడి తగిలి విడివడుతున్న సమయంలో లోహపు ఉపరితలాన్ని పట్టుకుంటాయి. పై పొర ఎండి, గట్టిపడి, ఎర్రబడినప్పుడు ఆ పట్టు సడలుతుంది. ఎర్రబడాలంటే ముక్క పైభాగం 140 డిగ్రీలు దాటాలి. అక్కడ తడి ఉన్నంతసేపూ నీరు మరుగుతూ వేడిని 100 డిగ్రీల దగ్గరే నిలిపేస్తుంది. ముక్క ఉడుకుతుంది గానీ కాలదు, అంటుకున్నది అంటుకున్నట్టే ఉంటుంది. మనకు చేపను ఉప్పు, పసుపు వేసి రుద్ది, నాలుగు నీళ్ళలో కడిగే అలవాటు ఉంది. అది మానమని నేను అనను, కానీ కడిగిన ముక్కను నేరుగా పెనం మీద వేస్తే ఎంత నూనె పోసినా చాలదు.

అందువల్ల చేయవలసింది ఇది. చేప కొనేటప్పుడే పొలుసు శుభ్రంగా తీయించి, చర్మం మాత్రం ఉంచి, నడిముల్లుకు రెండు వైపులా పొడవుగా కోసి ఇమ్మనండి. పులుసుకు కోసే గుండ్రటి ముక్కలు ఇందుకు పనికిరావు, వాటి అంచు పెనం మీద సమంగా కూర్చోదు. ఇంటికి తెచ్చి కడిగాక కాగితపు రుమాలుతోనో పొడి బట్టతోనో గట్టిగా అద్దండి. పావు టీస్పూను ఉప్పు రెండు వైపులా చల్లి, పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో మూత పెట్టకుండా ఉంచితే ఉప్పు లాగిన నీరు ముత్యాల్లా పైకి వస్తుంది. దాన్ని మళ్ళీ అద్దండి. చర్మం మీద వేలు పెట్టి లాగితే జారకుండా పట్టినట్టు అనిపించాలి, అప్పుడే అది సిద్ధమైనట్టు.

దోసెలు పోసే పాత ఇనుప పెనం ఈ పనికి చాలా బాగుంటుంది. నాన్‌స్టిక్ వాడితే ఖాళీగా పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచకండి, 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడడం మొదలవుతుంది. ఇనుప పెనాన్ని మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ మంట మీద కాచి, నీటి చుక్క వేస్తే నిలవకుండా గెంతులు వేస్తున్నప్పుడు రెండు టీస్పూన్ల వేరుశనగ లేదా తవుడు నూనె వేసి, అది పలచబడి మెరిసేవరకు ఆగి, చర్మం కిందికి వచ్చేలా ముక్కను పెట్టండి. చర్మం వేడికి ముడుచుకుని ముక్క విల్లులా వంగబోతుంది. ఆ మొదటి అర నిమిషం అట్లకాడతో అదిమి పట్టండి, ఆ తరువాత ముట్టుకోవద్దు. మంట మధ్యస్థానికి తగ్గించి నాలుగైదు నిమిషాలు ఉంచితే, పక్క నుంచి చూసినప్పుడు అద్దంలా ఉన్న కండ కింది నుంచి పైకి పాలలా తెల్లబడుతూ రావడం కనిపిస్తుంది. మూడింట రెండు వంతులు తెల్లబడ్డాక అట్లకాడ అంచుతో కదిపి చూడండి. చర్మం తనంతట తాను వదిలితే తిప్పే సమయం వచ్చినట్టు, వదలకపోతే ఇంకో అర నిమిషం కావాలని అర్థం. బలవంతంగా గీకడం వల్లనే ముక్క చెదురుతుంది. తిప్పాక ఒకటి రెండు నిమిషాలు చాలు. లోపలి వేడి 63 డిగ్రీలకు చేరితే పెద్దవయసు వారికి కూడా సురక్షితం. వేడిమి కొలిచే సాధనం లేకపోతే మందమైన చోట ఫోర్కుతో కాస్త తెరవండి, కండ పొరలు పొరలుగా విడివడి, మధ్యలో అద్దంలాంటి భాగం మిగలకుండా ఉండాలి. తెల్లటి గడ్డలు బయటికి ఊరుతున్నాయంటే సమయం మించిపోయినట్టే, లోపలి తేమ పోయి ముక్క పిడచకట్టుకుపోతుంది.

మసాలా గురించి మీరు అడగలేదు గానీ, అంటుకోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. కారం, పసుపు, ధనియాల పొడి, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి ఊరబెట్టిన ముక్క ఎప్పటికీ పొడిగా ఉండదు. పైగా ఈ వేడికి కారం మాడి చేదెక్కుతుంది. రుచి వదులుకోవాలని చెప్పడం లేదు. ఉప్పుతో మాత్రమే కాల్చి తీశాక, అదే పెనం మీద మిగిలిన నూనెలో దంచిన వెల్లుల్లి, కరివేపాకు, చిటికెడు కారం, మిరియాల పొడి పది క్షణాలు వేయించి ముక్క మీద పోయండి, నిమ్మరసం కంచంలో పిండండి. మన నాలుకకు కావలసిన ఘాటు అంతా ఉంటుంది, ఎక్కడా మాడదు. నిమ్మరసం ముందే పట్టిస్తే ముక్క తడిసి అసలు పని చెడుతుంది.

గడ్డకట్టించిన బాసా ముక్కలతో ఇదే ప్రయత్నించి విఫలమైనవారు చాలామంది ఉన్నారు. వాటిలో కొన్నింటికి నీరు పట్టి ఉండడానికి ఫాస్ఫేటు లవణాలు కలుపుతారు, పైన మంచు పూత ఉంటుంది. పెనం మీద వేయగానే ఆ నీరంతా దిగి చేప ఉడికిపోతుంది. నీరు ఎక్కువైన కొద్దీ మాంసకృత్తుల శాతం కూడా తగ్గుతుంది. ప్యాకెట్టు వెనుక 100 గ్రాములకు 13, 14 గ్రాములే అని ఉంటే కారణం అదే కావచ్చు. కొనక తప్పనప్పుడు ఫాస్ఫేటు పేరు లేనిది ఎంచుకుని, ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టి నిదానంగా కరగనివ్వండి.

షుగరు లెక్కలో చేప వల్ల ఇబ్బంది లేదు, దాని పక్కన పెట్టే అన్నం వల్లనే. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉంచి, చేపనూ కూరనూ ముందు తిని ఆ తరువాత కొద్దిగా అన్నం తింటే భోజనం తరువాత చక్కెర పెరుగుదల తగ్గుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు చేప తిన్న పూట పెరుగు వద్దంటారని, తింటే బొల్లి వస్తుందని భయపడతారని తెలుసు. బొల్లి శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున రంగునిచ్చే కణాలను దెబ్బతీయడం వల్ల వచ్చేది, చేపకూ పెరుగుకూ దానితో సంబంధం లేదు. మీ నాన్నగారికి అలవాటైన మజ్జిగన్నం ఆపనక్కర లేదు. బీపీ కూడా ఉంటే మాత్రం ఉప్పు చూసుకోండి: పావు టీస్పూను అంటే సుమారు ఒకటిన్నర గ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పింది 5 గ్రాముల లోపు. ఆ పూట ఊరగాయ పక్కన పెట్టేయండి. యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉండి కీళ్ళ నొప్పులు వచ్చేవారైతే చేప పరిమాణం డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

ఒక్క విషయం మాత్రం మొదలుపెట్టే ముందే తేల్చుకోండి. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవారిలో కొందరికి మూత్రపిండాల పనితీరు తెలియకుండానే తగ్గి ఉంటుంది, అటువంటివారికి మాంసకృత్తులు ఎంత ఉండాలన్నది వేరే లెక్క. సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఈ మధ్య చేయించకపోతే చేయించి డాక్టరు గారికి చూపించండి. మాంసకృత్తులు తగ్గించమని ఆయన అంటే ముక్కను 150 గ్రాముల నుంచి ఆయన చెప్పిన బరువుకు తగ్గించండి, ఫాస్ఫేటు కలిపిన గడ్డకట్టిన చేపను పూర్తిగా మానండి. పెనం మీద కాల్చే తీరులో మార్చవలసింది ఏమీ లేదు.